జుఫైర్ శునకసమరం

రెండు సముద్రాలను తన పేరులోనే కట్టి ఉంచుకొన్న ద్వీపరాజ్యంలో, ఉత్తరవాయువు ఇసుకరేణువులను మోసుకొచ్చి అద్దాల మేడల చెక్కిళ్లకు పొడి అద్దుతున్న వేళ, పుష్యమాస కృష్ణపక్షాన, పంచాంగం ప్రకారం శనివారమూ ఆఫీసు ప్రకారం సెలవుదినమూ అయిన ఒకానొక సాయంసంధ్యలో, జుఫైర్ అనబడే అభ్రంకష హర్మ్యసంకులమైన పేటలో, విదేశీ నావికుల క్షవరపు తలలతోనూ భోజనాలు మోసుకుపోయే మోటారుసైకిళ్ల రొదతోనూ క్రిక్కిరిసిన వీధి మలుపున, ఒక హోటలు రెండో అంతస్తులోని మద్యశాలా ద్వారాన్ని, యాభై రెండేళ్ల వయసువాడూ, సీఫ్ పేటలోని ఒక బీమా కంపెనీ క్లెయిముల విభాగానికి ఉపాధిపతీ, కాకినాడ వాస్తవ్యుల వంశాంకురమూ, పదకొండు వరుస పరాజయాల భారాన్ని భుజాన మోస్తున్నవాడూ అయిన భానుమూర్తి, కుడిచేత్తో తోసి, ఎడమకాలు లోపల పెట్టి, తప్పు తెలుసుకొని వెనక్కి తీసి, కుడికాలు పెట్టి ప్రవేశించాడు.

ఆ పదకొండు పరాజయాలు ఏ రణరంగాన కలిగాయో ముందుగా చెప్పుకోవాలి.

ఆ మద్యశాల గోడకు వేలాడే టీవీలో ప్రతి శనివారం సాయంకాలం, ఆరు గంటలకు నాలుగు నిమిషాల ముందు, ఇంగ్లండు దేశపు వేటకుక్కల పరుగుపందెం ఒకటి వస్తుంది. కాళ్లూ పక్కటెముకలూ తప్ప మరేమీ లేని ఆరు బక్కపలచని శునకాలు, ఆరు రంగుల చొక్కాలు తొడుక్కొని, కమ్మీ మీద జారిపోయే ఒక గుడ్డ కుందేలు వెంట అర నిమిషం పాటు ప్రాణాలొడ్డి పరిగెడతాయి. ఆ కుందేలు సృష్ట్యాదినుంచీ ఏ కుక్కకూ దొరకలేదు. అందులోని మోసాన్ని కుక్కలు ఇంతవరకు కనిపెట్టలేదు. భానుమూర్తి మిత్రబృందం కనిపెట్టింది గానీ పట్టించుకోలేదు.

పందెమంటే దీనారాల పందెం కాదు. ఈ ద్వీపంలో జూదానికి శాసనం ఒప్పదు. శాసనం ఒప్పినా ఇల్లాళ్లు ఒప్పరు. అందుచేత నాలుగేళ్ల కిందట ఆ మిత్రులు నలుగురూ ధనం కంటే భయంకరమైన దానిని ఒడ్డారు. నలుగురూ తలా ఒక కుక్కను ఎన్నుకొంటారు. ఎవరి కుక్క మిగతా ముగ్గురి కుక్కల కంటే వెనుక గమ్యం చేరుతుందో, ఆ అభాగ్యుడు కౌంటరు పక్కనున్న ఎత్తుపీట ఎక్కి, ద్వారానికి అభిముఖుడై, నిండుకంఠంతో మూడుసార్లు మొరగాలి. ముందు వచ్చినవాడికి బహుమానమేదీ లేదు. మొరగకపోవడమే బహుమానం.

ఈ నియమాన్ని ప్రతిపాదించినవాడు శ్రీనివాసరాజు. భీమవరం దగ్గరి పల్లెవాడు, ఓడల మరమ్మతు యార్డులో ఇంజనీరు, మీసం మెలితిప్పడానికి కారణం అక్కర్లేనివాడు. రెండోవాడు హరికిరణ్. హనుమకొండలో పుట్టి, ఒక బ్యాంకు కంప్యూటర్లను కాపలా కాస్తూ, ప్రతి శునకం తాలూకు తల్లిదండ్రుల చరిత్రను సైతం ఫోనులో దాచుకొనే ముప్పై ఏళ్ల గణాంకవేత్త. మూడోవాడు భూమేష్. జగిత్యాల పక్కపల్లె నుంచి పద్దెనిమిదేళ్ల కిందట మేస్త్రీగా వచ్చి, ఇప్పుడు ఫోర్‌మన్ అయి, నువైద్రాత్ కార్మికుల క్యాంపులో ఉంటున్నవాడు. ఒకప్పుడు భానుమూర్తి ఇంటి స్నానాలగదిలో పలకలు మార్చడానికి వచ్చి, గోడను ఒంటికంటితో చూసి “సార్, గిది మీది దిక్కు రెండు నూల్లు వంగింది” అని చెప్పి, కొలిస్తే సరిగ్గా ఆ పావు అంగుళమే తేలేసరికి, భానుమూర్తి అతడికి కాఫీ ఇచ్చాడు. ఆ కాఫీతో మొదలైన స్నేహం ఈ మద్యశాల దాకా వచ్చింది.

పోయిన వారం మొరిగినవాడికే ఈ వారం మొదటి ఎంపిక అన్నది ఆ సంప్రదాయంలోని ఏకైక కరుణ. ఆ కరుణ పదకొండు వారాలుగా భానుమూర్తి మీదనే ప్రసరిస్తోంది. ఆయన ఫోనులోని పంచాంగం తెరిచి, తిథివారనక్షత్రాలు విచారించి, హోరాధిపతి రంగు కనిపెట్టి, ఆ రంగు చొక్కా తొడుక్కొన్న శునకాన్ని వరించేవాడు. నవగ్రహాలూ ఆశీర్వదించిన ఆ శునకం ప్రతివారమూ గ్రహణం పట్టినదానివలె వెనకబడేది. పగలు ఏ మహానుభావుడి సంతకం కోసం అగ్నిప్రమాద బాధితులూ కారు పగిలినవారూ వరండాలో నిరీక్షిస్తారో, ఆ మహానుభావుడు సాయంకాలం ఎత్తుపీట మీద నిలబడి భౌ భౌ భౌ అనేవాడు.

ఈ వృత్తాంతం మూడు రోజుల కిందటి దాకా ఆయన ధర్మపత్ని చాముండేశ్వరికి తెలియదు. శనివారాలు తాను ప్రవాసాంధ్రుల సమస్యల మీద చర్చాగోష్ఠికి వెళ్తున్నట్టు ఆయన చెప్పుకొన్నాడు. ఆమె నమ్మింది. బుధవారం సాయంకాలం, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

“ఏవండీ, మీరు శనివారం శనివారం కుక్కలా మొరుగుతారటగా.”

భానుమూర్తి చేతిలోని వార్తాపత్రికను మడిచాడు. “ఎవరన్నారు?”

“ఉమారాణి. రాజుగారు ఇంటికెళ్లి నవ్వు ఆపుకోలేక ఆవిడకి చెప్పారట. ఆవిడ నాకు చెప్పింది. నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు, అదీ మీ అదృష్టం.”

“అది ఆట నియమం, చాముండేశ్వరీ. నియమానికి కట్టుబడడం మగవాడి ధర్మం.”

“సరే, ధర్మాన్ని కాదనేందుకు నేనెవరిని. ఈ వారం నేనూ వస్తాను. మొరిగితే నా కళ్లెదుటే మొరగండి.” ఆమె ఒక ఈనెను నిదానంగా లాగి పక్కన పెట్టింది. “ఒక్కటి చెబుతున్నాను. ఇవాళ్టిదాకా అయిందేదో అయింది. ఈ శనివారం కూడా మొరిగారో, వచ్చే వారం నించి సాయంత్రాలు మా భజనకొచ్చి తాళాలు వాయిస్తారు.”

“నాకు తాళం రాదు గదా.”

“కుక్కల సంగతి తెలిసే నాలుగేళ్లు ఆడారా? అదీ అంతే.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే భానుమూర్తికి తప్పించుకొనే దారులు నాలుగు తెలుసు. ఈ ప్రశాంతతకు ఆయన దగ్గర ఒక్క దారీ లేదు. శనివారాలు పోతాయన్న తలంపు ఆ రాత్రంతా ఆయన గుండెలో గుంటతవ్వింది. వారానికి ఐదు రోజులు ఇతరుల నష్టాలను లెక్కగట్టే మనిషికి, ఒక్క గంటసేపు తన నష్టాన్ని చూసి నలుగురు నవ్వే చోటు ఎంత అవసరమో ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకు తానైనా.

కాబట్టి ఆ హేమంత సంధ్యవేళ వీరుడు ఒంటరిగా ప్రవేశించలేదు. వెనుకనే ముదురాకుపచ్చ పట్టుచీరలో, సేనానికి వెనుక నడిచే సర్వసేనాధిపతివలె, చాముండేశ్వరి ప్రవేశించింది.

మిత్రులు ముగ్గురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. భూమేష్ తన గ్లాసును మెనూ కార్డు వెనక్కి జరిపాడు. కార్డు చిన్నది, గ్లాసు పెద్దది. నురుగు పైన కనిపిస్తూనే ఉంది.

“నమస్తే వదినె. గీడ కూసోండ్రి. గాడైతే ఏసీ గాలి దల్గుతది,” అన్నాడు.

“రండి చెల్లెమ్మా,” అన్నాడు శ్రీనివాసరాజు, మీసం మీది చెయ్యి తీసేసి. “మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదండి. తప్పు నాదే.”

“మీ తప్పేముంది అన్నయ్యగారూ. మొరిగేది మీరు కాదుగా,” అని ఆమె కూర్చుంది. శనివారం ఉపవాసం గనుక అనాసపండు రసం చెప్పింది. మంచుముక్కలు వద్దంది. తర్వాత భజన విషయం ముగ్గురికీ వివరంగా, నెమ్మదిగా, సాక్షుల ముందు దస్తావేజు చదివినట్టు చెప్పింది. విని ముగ్గురూ తలలు దించుకొన్నారు. నాలుగో మనిషి లేకపోతే ఆట లేదని, ఆట లేకపోతే శనివారం లేదని, అది తమకు కూడా వినిపించిన శిక్షేనని ఆ ముగ్గురికీ అర్థమైంది.

అప్పుడు భానుమూర్తి లేచాడు. చొక్కా బొత్తాములు సరిచేసుకొన్నాడు. కళాశాల రోజుల్లో నాటకాల్లో నాలుగుసార్లు రారాజు వేషం కట్టి, ఒకసారి కిరీటం జారినా సంభాషణ ఆపని మనిషి. కుడిచేయి చాచి ఇలా పలికాడు:

“వినుడు, మిత్రులారా. పదునొకండు పర్యాయములు ఆ ఉన్నతపీఠము నధిరోహించితిని. పదునొకండు పర్యాయములు శునకస్వరమున నా పరాజయమును నేనే చాటుకొంటిని. నేడు ఈ ధర్మపత్ని సాక్షిగా, ఈ వేయించిన పల్లీల సాక్షిగా ప్రతిన పూనుచున్నాడను. అరేబియా సంద్రము ఇంకినను, సీఫ్ సౌధములు వంగినను, ఈ కంఠమునుండి ఆ అక్షరము నేడు వెలువడదు.”

“పోయిన వారం కూడా ఇదే అన్నారండి,” అన్నాడు శ్రీనివాసరాజు. “అప్పుడు సాక్షి సమోసా.”

టీవీలో అప్పుడే శునకాల ఊరేగింపు మొదలైంది. తెల్లకోట్ల మనుషులు ఒక్కొక్కరూ ఒక్కొక్క కుక్కను తాడుతో నడిపిస్తూ గడ్డిమీద పోతున్నారు. ఒకటో నంబరు ఎరుపు, రెండు నీలం, మూడు తెలుపు, నాలుగు నలుపు, ఐదు నారింజ, ఆరు నలుపూ తెలుపూ చారలు. భానుమూర్తి పంచాంగం తెరిచాడు. శనివారం సాయంకాలం, శుక్రహోర. శుక్రుడికి తెలుపు. తెలుపంటే మూడో నంబరు. ఆకాశం ఇంత స్పష్టంగా మాట్లాడడం పదకొండు వారాల్లో ఎన్నడూ లేదు. తెల్లచొక్కా శునకం కూడా దంతపు బొమ్మలాగా మెడ నిక్కించి నడుస్తోంది. ఆయన నోరు తెరవబోయాడు.

“ఆ చారలది చూశారా,” అంది చాముండేశ్వరి, గ్లాసులోంచి తల ఎత్తి. “ఇప్పుడే గడ్డిలో కూర్చుని కడుపు ఖాళీ చేసుకుంది. తేలిగ్గా పరిగెడుతుంది.”



హరికిరణ్ ఫోను చూసి గొంతు తగ్గించాడు. “ఆంటీ, ఆరోది పోయిన ఏడు రేసుల్లో ఒక్కసారి కూడా ముందట్లేదు. లాస్ట్ టైమ్ మధ్యలో ఆగి పక్కకు చూసింది.”

“నాకు లెక్కలు తెలీవు నాయనా. కడుపు సంగతి తెలుసు.”

ఒక వంక ఖగోళం, మరొక వంక కుటుంబం. ఒక చెవిలో శుక్రాచార్యుడి ఆదేశం, మరొక చెవిలో ఇరవై ఆరేళ్లుగా ఏ కూరలో ఉప్పు తక్కువైనా చూడకుండానే చెప్పగలిగిన గొంతు. అడుగు ముందుకు వేస్తే శాస్త్రోల్లంఘనం, వెనక్కి వేస్తే భజనమండలి. ఇట్లా రెండు ప్రవాహాల నడుమ చిక్కిన పడవవలె, రెండు క్యాష్ కౌంటర్ల నడుమ నిలిచి ఏ వరుస ముందు కదులుతుందో తేల్చుకోలేని కొనుగోలుదారువలె, భానుమూర్తి క్షణకాలం తల్లడిల్లాడు. పంచాంగాన్ని మూశాడు. మూసిన ఫోనును బల్లమీద బోర్లించాడు.

“ఆరు,” అన్నాడు.

శ్రీనివాసరాజు ఊపిరి కూడా తీసుకోలేదు. “మీరొదిలేశారు కాబట్టి తెల్లది నాదండి.”

హరికిరణ్ గణాంకాలను నమ్మి నల్లచొక్కా నాలుగో నంబరును తీసుకొన్నాడు. భూమేష్ తెరను చాలాసేపు చూసి, “నాకు నీలంది. మా కంపెనీ డాంగ్రీ గిదే రంగు. కష్టపడే బట్ట గది,” అన్నాడు. ఎరుపూ నారింజా ఎవరికీ చెందక అనాథలయ్యాయి.

గడియారంలో ఐదూ యాభై ఆరు. ఇనుపపెట్టెల వంటి గూళ్లలోకి ఆరు శునకాలూ తోయబడ్డాయి. గుడ్డ కుందేలు కీచుమంటూ కమ్మీ మీద కదిలింది. తలుపులు లేచాయి.

వింటినారి తెగినట్టు ఐదు శునకాలు బయటపడ్డాయి. ఆరవది, చారల చొక్కాది, తలుపు లేచిన సంగతి గ్రహించడానికి కొంత వ్యవధి తీసుకొని, అనంతరం, ఏదో మరచిపోయి ఇంటికి తిరిగిపోతున్న గుమాస్తావలె బయలుదేరింది. భానుమూర్తి కళ్లు మూసుకొన్నాడు. తాళాల చప్పుడు వినిపించింది. మళ్లీ తెరిచాడు.

మొదటి మలుపులో ధూళి రేగింది. రెక్కలున్న పాముల్లా, తోకలున్న బాణాల్లా, ఒకదాని డొక్కలోకి మరొకటి దూసుకుపోతూ శునకసేన వంపు తిరిగింది. అక్కడ ఎర్రచొక్కా పక్కకు ఒరిగి నీలంచొక్కాను ఢీకొట్టింది. నీలంచొక్కా తూలి, నాలుగు కాళ్లనూ నాలుగు దిక్కులకు పంపి, మళ్లీ కూడదీసుకొనేసరికి అందరికంటే వెనకబడింది.

“అయ్యో,” అన్నాడు భూమేష్, మెల్లగా. “పాపం దానికి దెబ్బ దల్గినట్టుంది.”

ఆ సంకులసమరానికి దూరంగా, ఎవరి జోలికీ పోకుండా, చారల శునకం వెలుపలి గోడ వెంట తన తోవన తాను వచ్చింది. రెండో మలుపుకు అది ఐదోది. నీలంచొక్కా ఆరోది. వాటి ముందు ఏం జరుగుతోందో భానుమూర్తికి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. విశ్వమంతా కుంచించుకుపోయి ఆ రెండు తోకల నడుమ ఇరుక్కొంది. చివరి తిన్నని బాటలో నీలంచొక్కా పుంజుకొంది. దెబ్బతిన్న పౌరుషంతో, చెవులు వెనక్కి అంటించుకొని, అడుగు అడుగుకూ దగ్గరవుతూ వచ్చింది. చారల శునకం ఆ సమయంలోనే, హరికిరణ్ హెచ్చరించినట్టే, ప్రేక్షకుల వైపు ఒకసారి తల తిప్పి చూసింది.

“ముందుకు చూడవే,” అంది చాముండేశ్వరి.

ఎక్కడో ముందు తెల్లచొక్కా గమ్యరేఖ దాటింది. అందరికంటే ముందుగా. శ్రీనివాసరాజు మీసం పైకి లేచింది. “మీరొదిలేసిన తెల్లదేనండి,” అన్నాడు, వీలైనంత వినయంగా. భానుమూర్తి గుండెలో ఒక ముల్లు దిగింది. పదకొండు వారాల తర్వాత ఆకాశం నిజం చెప్పిన ఒక్క రోజున తాను ఆకాశం మాట వినలేదు. పక్కన చాముండేశ్వరి అడిగింది, “మనది ఎక్కడ?”

“వస్తోంది,” అన్నాడు.

నారింజ దాటింది, నలుపు దాటింది, ఎరుపు దాటింది. అప్పుడు చారలూ నీలమూ ఒకే నీడలాగా, ఒకే ఊపిరిలాగా గీతమీద పడ్డాయి. తెర మరో దృశ్యానికి మారిపోయింది. విజేతకు నీళ్లు తాగిస్తున్నారు. వెనక వచ్చినవాటిని ఎవరూ మళ్లీ చూపించలేదు.

హరికిరణ్ రెండు చేతులూ విప్పి నాకు కనిపించలేదన్నాడు. శ్రీనివాసరాజు నీలమేమో అన్నాడు, కాదేమో అని కూడా అన్నాడు. అప్పుడు భూమేష్ గ్లాసు పక్కకు పెట్టి చెప్పాడు.

“నీదే ముందటన్నా. ముక్కంత. నేనే మొరుగుత.”

భానుమూర్తి ఆ మాట విని వెంటనే ఆనందించి ఉంటే ఈ గాథ ఇక్కడే ముగిసేది. ఆయన ఆనందించలేదు. భజన విషయం చాముండేశ్వరి చెబుతున్నప్పుడు అందరికంటే ముందు తల దించుకొన్నవాడు భూమేషే. మిత్రుడి శనివారాన్ని కాపాడేందుకు తన కంఠాన్ని బలి ఇవ్వగల మనిషి. భానుమూర్తి మళ్లీ లేచాడు.

“భూమేష్. యాచించి పొందిన జయము అపజయముకంటె బరువు. మిత్రుని జాలి చేత నేను మొరగకుండుటకంటె, నా దురదృష్టము చేత నేను మొరగుట మేలు. నిజము పలుకుము.”

భూమేష్ ముఖం ఎర్రబడింది. “జాలి ఏందన్నా. గోడ వంకరుంటే వంకరున్నదంట, అది నేను కట్టిన గోడైనా గంతే. నా కుక్క ముక్కు నీ కుక్క ముక్కుకు ఇంతెనక.” చూపుడువేలి కొస మీద బొటనవేలు పెట్టి చూపించాడు. “పద్దెనిమిదేండ్ల సంది దారం తేడా కండ్లతోటే పడ్తున్న. నమ్మకుంటే అది నీ ఇష్టం.”

“నమ్ముతాను. కానీ లోకం నమ్మాలి.”

లోకమంటే చాముండేశ్వరి. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

“రెండు మూడు నిమిషాల్లో ఆరు నంబర్లూ వరసగా తెర మీద వేస్తరంకుల్,” అన్నాడు హరికిరణ్. “అప్పటిదాకా ఆగుదాం.”

ఆగడానికి కాలం ఒప్పుకోలేదు. గడియారం ఆరు కొట్టింది. కౌంటరు దగ్గర ఎర్రజెర్సీలు తొడుక్కొన్న ఆంగ్లేయులు ఎనిమిదిమంది ఒక్కపెట్టున టీవీ వైపు తిరిగారు. వాళ్ల నాయకుడు, గడ్డం నెరసినవాడు, వాకిలంత వెడల్పువాడు, బల్ల మీద అరచేత్తో కొట్టి ఫుట్‌బాల్ పెట్టమన్నాడు. కౌంటరు వెనుక ఉండే జోజో, త్రిస్సూరువాడు, రిమోట్ తీసి గురిపెట్టాడు.

“ఖలాస్ భాయ్,” అన్నాడు తనకు వచ్చిన హిందీలో, బతిమాలుతూ. “మీ కుక్కలు అయిపోయాయి. వీళ్ల మ్యాచ్ మొదలైపోయింది.”

అప్పుడు భానుమూర్తి చేసిన సాహసాన్ని వర్ణించడానికి అలంకారాలు చాలవు. ఆయన రిమోట్‌కూ టీవీకీ మధ్యనున్న ఖాళీలోకి దూకి, రెండు చేతులూ చాచి, ఇరవై ఆరేళ్ల ఇంటిభోజనంతో సుసంపన్నమైన తన దేహాన్ని అడ్డంగా నిలిపాడు. జోజో మీట నొక్కాడు. టీవీ మారలేదు. కుడివైపు నుంచి నొక్కాడు. శ్రీనివాసరాజు అడ్డం వచ్చాడు. ఎడమవైపు నుంచి నొక్కాడు. హరికిరణ్ మెనూ కార్డు పట్టుకొన్నాడు. చెయ్యెత్తి పైనుంచి నొక్కబోయాడు. కుర్చీ చప్పుడైంది. చాముండేశ్వరి లేచి, అనాసరసం గ్లాసుతో సహా వచ్చి, ముదురాకుపచ్చ కొంగును టీవీ ముందు పరదాలాగా పట్టుకొని నిలబడింది.

భానుమూర్తి ఆమెను చూశాడు. ఆమె ఆయనను చూడలేదు. “ఏం జరిగిందో తేలకుండా నాకూ నిద్రపట్టదు,” అంది గోడతో.

ఆ బలంతో ఆయన ఆంగ్లేయ సైన్యాన్ని ఉద్దేశించి గొంతెత్తాడు. “ఓ శ్వేతద్వీపవాసులారా. మీ దేశపు శునకములకై మేము ఇంత దూరమున, ఈ ఎడారి దీవిలో, మా మానము నొడ్డి కూర్చుంటిమి. మీ కందుకక్రీడ తొంబది నిమిషములు సాగును. మాకు కావలసినది రెండే నిమిషములు. గెలిచినవాని పేరు లోకమంతయు చూచును. వెనుక వచ్చినవాని పేరు చూచు దిక్కెవ్వరు? మేము చూచెదము. మేము చూచిన పిదప మీ ఇష్టము.”

ఆంగ్లేయ నాయకుడు జోజో వైపు చూశాడు. నాలుగేళ్లుగా చెవిన పడిన తెలుగుతో జోజో ఆ ఉపన్యాసాన్నంతా ఆంగ్లంలోకి అనువదించి, “రెండు నిమిషాలు ఆగమంటున్నారు,” అన్నాడు.

“ఎవరు గెలిచారు?” అని అడిగాడు నాయకుడు.

“మూడోది. అది తేలిపోయింది,” అన్నాడు హరికిరణ్.

“మరి దేనికోసం చూస్తున్నారు?”

“ఐదోది ఏదో, ఆరోది ఏదో తెలియాలి.”

నాయకుడు భానుమూర్తిని నఖశిఖపర్యంతం పరికించాడు. కొంగు పట్టుకొని నిలబడ్డ చాముండేశ్వరిని చూశాడు. ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి. “మా జట్టు ఇరవైలో పంతొమ్మిదో స్థానంలో ఉంది,” అన్నాడు. “ఆ బాధ నాకు తెలుసు.” వెనక్కి తిరిగి తనవాళ్లతో గట్టిగా నోరు మూసుకోమన్నాడు. జోజో రిమోట్‌ను చంకలో పెట్టుకొన్నాడు, చాముండేశ్వరి కొంగు దించింది. పన్నెండుమంది మగవాళ్లు, ఒక ఇల్లాలు, ఒక జోజో తలలు పైకెత్తి నిలబడ్డారు. బయట పేటలో మోటారుసైకిళ్ల రొద మాత్రం వినిపిస్తోంది.

తెర నల్లబడింది. తెల్ల అంకెలు ఒక్కొక్కటిగా వచ్చాయి.

మూడు. ఐదు. నాలుగు. ఒకటి.

ఐదో వరుస కొంచెం ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో భానుమూర్తికి తన వివాహమూ, ఉద్యోగంలో చేరిన రోజూ, భజనమండలి కార్పెటూ కనిపించాయి.

ఆరు.

తర్వాత రెండు. పక్కనే చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది. హరికిరణ్ దగ్గరికి పోయి చదివాడు. “తలలో సగం కూడా లేదు తేడా.”

“నేను జెప్పిన గద,” అన్నాడు భూమేష్.

ఆంగ్లేయులు ఎనిమిదిమందీ చప్పట్లు కొట్టారు. గడ్డపాయన భానుమూర్తి వీపు మీద చరిచాడు, ఆ దెబ్బకు ఆయన కళ్లజోడు ముక్కు కొసకు జారింది. దాన్ని పైకి తోసుకొని ఆయన భూమేష్ దగ్గరికి వెళ్లాడు. “నిన్ను శంకించాను,” అన్నాడు, ఈసారి నాటకం భాష లేకుండా. “తప్పయింది తమ్ముడూ.”

“అయ్యో, గంత మాటెందుకన్నా. పీట వట్టు. ఒక కాలు కురచున్నది, ఊగుతది.”

భూమేష్ ఎత్తుపీట ఎక్కాడు. నాలుగేళ్లలో అతడు ఎక్కింది రెండుసార్లే. ద్వారం వైపు తిరిగి గొంతు సవరించుకొని, సిగ్గుతో చెవుల దాకా ఎర్రబడి, ఒక్కసారి సన్నగా “భౌ” అన్నాడు. దారినపోయే పిల్లి కూడా జడవని భౌ.

“గట్టిగా తమ్ముడూ,” అంది చాముండేశ్వరి, కుర్చీలో స్థిమితంగా కూర్చొని. “మావారు ఇంతకన్నా బాగా మొరుగుతారని ఉమారాణి చెప్పింది.”

రెండో భౌ, మూడో భౌ మద్యశాల కప్పు ఎగిరిపోయేలా వచ్చాయి. ఇక నేను చెప్పవలసింది ఒక్కటే ఉంది. రాజ్యాలు గెలిచినవారున్నారు, సముద్రాలు దాటినవారున్నారు. వాళ్లను పొగడడానికి వాళ్ల మనుషులున్నారు. ఆరు శునకాలలో ఐదవదానిని నమ్ముకొని, ఆకాశం చెప్పిన గెలుపును ఇల్లాలి మాటకోసం వదులుకొని, ఊగుతున్న పీట కాలును రెండు చేతులా గట్టిగా పట్టుకొని మోకాళ్ల మీద కూర్చున్న ఈ కాకినాడ వీరుణ్ణి పొగడడానికి మాత్రం ఎవరూ లేరు గనుక నేను పూనుకొన్నాను. లోకులారా, గుర్తుంచుకోండి. జుఫైర్ పేటలో, ఆ శనివారం, సాయంకాలం ఆరు గంటల నాలుగు నిమిషాలకు, భానుమూర్తి మొరగలేదు.